పావురాల గాలి

మంథని,
11-4-1973

చిరంజీవి మహేశానికి, మీ ఇద్దరికీ మంచి జరగాలని కోరుతూ అక్కయ్య.

నీ ఉత్తరం చదివాను. శివరాత్రి నాడు పడిపోయిన అలివేలుకు ఇంకా కుడిచెయ్యి లేవడం లేదని రాశావు. దవాఖాన మందులు ఆపవద్దు. చెయ్యీ కాలూ ఆడించమని వాళ్ళు చెప్పినవన్నీ చేయించు. వాటితో పాటు ఇది కూడా చెయ్యి.

పక్షవాతం వచ్చినవాళ్ళకు పావురాల రెక్కల గాలి తగలాలని మన పెద్దవాళ్ళు అనేవారు. మన అటక మీది పావురాల్లో ఒక జంటను గంపలో పెట్టి, నీ దగ్గర సర్వే గొలుసు పట్టే రాయమల్లుకు ఇచ్చి పంపుతున్నాను. పాపం, కమాన్‌పూర్‌లో తన ఇంటికి వచ్చినవాడు ఇంత దూరం వచ్చి తీసుకుపోతున్నాడు. ఆడదాని కాలికి పసుపు దారం కట్టాను, గుర్తుకు. గూడు అలివేలు మంచం పక్కన కిటికీకి కట్టు. గింజలు ఆమెతో వేయించు, పొద్దు పోతుంది. గూడు మాత్రం నువ్వే ఊడువు. ఆమెను వంగనివ్వకు.

పొద్దున గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి మీ పేర్లు చెప్పాను. రోజూ చేస్తాను.

అక్కయ్య


గోదావరిఖని,
29-4-1973

అక్కయ్య పాదాలకు మహేశం దండాలు.

నీ చుట్టాలు క్షేమంగా చేరారు. బస్సులో పెద్ద పంచాయితీ అయిందట. గంపకు టికెట్ కొట్టాలని కండక్టరు, కొట్టవద్దని రాయమల్లు. "లోపల పిట్టలే గద, పాణమున్నోళ్ళకు టికెట్ కొట్టాలె" అన్నాడట కండక్టరు. "ఆటికి రెక్కలున్నయి. నీ బస్సు ఆగిపోతె అవి ఊరు జేరుతయి. మరి నువ్వు జేరుతవా?" అన్నాడట మావాడు. బస్సంతా నవ్వితే కండక్టరు ఊరుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే గూడు కట్టాను. మూడు రోజులు అలివేలు వాటి వైపు చూడలేదు. నీకు తెలుసు కదా, పడిపోయినప్పటి నుంచి ఆమె గోడనే చూస్తోంది. నాలుగో రోజు పొద్దున్నే నన్ను లేపింది.

"ఏమండీ, ఇవి అచ్చం మీ అక్కయ్య లెక్కనే ఉన్నయి."

"ఎట్ల?"

"పొద్దుగాల్నే లేస్తున్నయి. కండ్లు సగం మూసుకోని జపం జేస్తున్నయి. ఎవ్వరి జోలికి పోతలేవు."

రెండు నెలల తర్వాత ఆమె చేసిన మొదటి హాస్యం ఇది. నీ మీద అయినా సరే, రాయకుండా ఉండలేకపోయాను.

జొన్నలు కుడిచేత్తోనే వెయ్యాలని పట్టు పట్టింది. గుప్పిట్లో నిలవక కింద పోతున్నాయి. పోనీ, పావురాలకు ఎక్కడ పడ్డా ఒకటే. ప్రతి ఆదివారం మాకు ప్లేడే, అంటే వారపు సెలవు. ఆ పొద్దున గూడు గీకి కడిగే పని నాది.

నీ తమ్ముడు


మంథని,
2-7-1973

చి. మహేశానికి ఆశీస్సులు.

రెండు నెలలుగా ఉత్తరం లేదు. మీరు బాగున్నారనే అనుకుంటాను.

వానలు పట్టాయి. గూడు తడవకూడదు. గోనెసంచులు కప్పు. గుడ్లు పెడితే ముట్టుకోవద్దు.

ఇవాళ తొమ్మిది ప్రదక్షిణలే చేశాను. వాన.

అక్కయ్య


గోదావరిఖని,
20-8-1973

అక్కయ్యకు నమస్కారం చేసి రాస్తున్నాను.

ముందు మంచి మాట. అలివేలు పిడికిలి మూసుకుంటోంది! గట్టిగా కాదు, కానీ మూసుకుంటోంది. మొన్న నా వేలు పట్టుకుంటే విడిపించుకోవడానికి గుంజవలసి వచ్చింది. కర్ర పట్టుకుని వంటింటి గడప దాకా నడుస్తోంది. కాలనీలో ఆడవాళ్ళందరూ మంథని పావురాల మహిమ అంటున్నారు. నీకు ఇక్కడ మంచి పేరు వచ్చింది.

రెండు పావురాలు తొమ్మిదయ్యాయి. కిటికీ చాలక వరండా జాలీకి పెద్ద గూడు కట్టి చుట్టూ గోనెసంచులు కుట్టాను. చుక్క నీళ్ళు పోవు.

ఇక నవ్వొచ్చే మాట. నాకు ప్లేడే జ్వరం పట్టుకుంది. ఆదివారం సాయంత్రం చలి, జ్వరం, పొడిదగ్గు. సోమవారం ఒళ్ళు నొప్పులతోనే డ్యూటీకి పోతాను. మంగళవారానికి ఏమీ ఉండదు. నాలుగు వారాలుగా ఇదే వరస. నిన్న కూడా వచ్చింది. మలేరియా మాత్రలు మింగినా ఆగలేదు. రాయమల్లు గనిలో అందరి ముందూ అన్నాడు:

"లోకమంత డ్యూటీ అంటె జ్వరం తెచ్చుకుంటది. మా పంతులు ప్లేడే అంటె తెచ్చుకుంటడు. మేనేజర్ సాబుకు తెలిస్తె సంబురపడి నీకు ప్లేడేనే బంద్ జేస్తడు పంతులూ!"

ఫికర్ చెయ్యకు. వానాకాలం పోతే పోతుంది.

మహేశం


మంథని,
3-9-1973

చి. మహేశానికి ఆశీస్సులు.

అలివేలు పిడికిలి సంగతి చదివి దేవుడి ముందు దీపం పెట్టాను.

జ్వరం మాట నవ్వడానికి రాశావు. నాకు నవ్వు రాలేదు. దవాఖానలో చూపించుకో. చూపించుకున్నట్టు రాయి.

గుడి చుట్టూ రాళ్ళు పాచి పట్టాయి. ఏడు ప్రదక్షిణలతో ఆపుతున్నాను.

అక్కయ్య


బెల్లంపల్లి,
14-10-1973

అక్కయ్యకు,

ఉత్తరం మీద ఊరి పేరు చూసి కంగారు పడకు. ఇక్కడి గనిలో కొలతలు తీసే పని పడితే నన్నూ రాయమల్లునూ పంపారు. మూడు వారాలయింది. ఇంకో వారంలో తిరిగి పోతాం. అలివేలు దగ్గర వాళ్ళ అమ్మ ఉంది.

ఇక్కడ గని మన గని కంటే పాతది, దుమ్ము ఎక్కువ. బయటికి వస్తే మా ఇద్దరి మొహాలూ ఒకటే రంగు. అయినా ఒక్క రోజు జ్వరం లేదు, దగ్గు లేదు. మూడు ప్లేడేలు హాయిగా పోయాయి. మెస్సులో నా తిండి చూసి రాయమల్లు తన పళ్ళెం దూరం జరుపుకుంటున్నాడు. గోదావరిఖని నీళ్ళే పడటం లేదేమో నాకు.

మహేశం


గోదావరిఖని,
26-11-1973

అక్కయ్యా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదువు. అలివేలుకు తెలియనివ్వకు.

నాకు బాగా లేదు. తిరిగి వచ్చిన వారానికే జ్వరం మళ్ళీ మొదలయింది. ఇప్పుడు జ్వరం లేని రోజు కూడా ఆయాసం ఉంటోంది. నీళ్ళ బిందె ఎత్తితే ఆగి ఊపిరి పీల్చుకోవాలి. ఏడు కిలోలు తగ్గాను. ఇక్కడికి కొత్తగా వచ్చిన డాక్టర్ అనంతరామ్ గారు ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తుల్లో మంచు కమ్మినట్టుందట. తెమడ మూడుసార్లు చూశారు, క్షయ లేదు. బొగ్గు దుమ్మేమోనని అనుమానం. ఆయనే మళ్ళీ తల గోక్కుంటున్నాడు. "గని దిగి ఎన్నేండ్లయింది? తొమ్మిదేనా? గింత తొందరగ గిట్ల కావద్దే" అన్నాడు.

గనిలోకి దిగవద్దని నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. తగ్గకపోతే అన్‌ఫిట్ అని రాయక తప్పదన్నాడు. అంటే ఉద్యోగం లేదు, క్వార్టరు లేదు, అలివేలుకు ఈ దవాఖాన లేదు. పదిహేను రోజులుగా ఇంటి గడప దాటలేదు. విశ్రాంతి తీసుకున్నకొద్దీ ఎక్కువవుతోంది. ఎందుకో ఎవరికీ తెలియడం లేదు.

అలివేలుకు కొంచెం జలుబని చెప్పాను. ఆమె మాత్రం బాగుంది. కర్ర లేకుండా నాలుగు అడుగులు వేసింది. నాకు అది చాలు.

మహేశం


మంథని,
7-12-1973

నాయనా మహేశం,

నీ ఉత్తరాలన్నీ పూజగదిలో పెట్టెలో ఉంటాయి. నిన్న ఏకాదశి. వంట లేదు కనుక సమయం ఉంది. తీసి తేదీల వరసన పరిచాను.

నీకు జ్వరం వచ్చింది ఆదివారాలు. ఆదివారం నువ్వు గని దిగవు. బొగ్గు దుమ్మయితే డ్యూటీ రోజున రావాలి. బెల్లంపల్లిలో రోజూ దిగావు, దుమ్ము ఎక్కువన్నావు, జ్వరం రాలేదు. ఇప్పుడు దిగడం మానేసి ఇంట్లో కూర్చున్నావు, ఎక్కువయింది. కాబట్టి గనిలో లేదు. ఇంట్లోనే ఉంది.

ఏప్రిల్‌కు ముందు నీ ఇంట్లో లేనిది, తర్వాత వచ్చింది ఏమిటి? బెల్లంపల్లికి నీ వెంట రానిది ఏమిటి? ఆదివారం పొద్దున నువ్వు చేసే పని ఏమిటి?

రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను పంపిన గంప.

ఉత్తరాలు కట్టగట్టి పంపుతున్నాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. తప్పయితే తప్పని డాక్టరు గారే చెప్పాలి. చూపించు.

ఇవాళ ఐదు ప్రదక్షిణలే చేయగలిగాను. మనసు నిలవలేదు.

అక్కయ్య


గోదావరిఖని,
31-12-1973

అక్కయ్యా,

డాక్టరు గారు నీ కట్ట విప్పి, టీ చల్లారిపోయేదాకా చదివాడు. కండక్టరు పంచాయితీ దగ్గర నవ్వాడు. చివరికి వచ్చేసరికి నవ్వు లేదు.

"ఇవి రాసింది నువ్వు. వరసవెట్టి చదివింది ఎవరు?"

"మా అక్కయ్యండి."

"ఏం చదివిన్రు ఆమె?"

"విష్ణు సహస్రనామం."

అప్పుడు వివరంగా చెప్పాడు. పావురాల రెట్ట ఎండి పొడి అవుతుందట. ఈకల మీది సన్నటి పొడితో కలిసి గాలిలో తేలుతుందట. అందరికీ ఏమీ కాదు. కొందరి ఒంటికే పడదు, వాళ్ళ ఊపిరితిత్తులు లోపల వాస్తాయి. "ఒక్కసారి ఎక్కువ పీలిస్తె అయిదారు గంటలకు జ్వరమొస్తది. రోజూ కొంచెం కొంచెం పీల్చెటోళ్ళకు జ్వరం గూడ రాదు, ఆయాసమే ఏండ్ల మీద ముదురుతది" అన్నాడు. ఇటువంటి జబ్బు సంగతి పుస్తకంలో చదివాడట, చూడటం ఇదే మొదలట. రూఢి చేసుకోవాలన్నాడు.

పన్నెండు రోజులు కమాన్‌పూర్‌లో రాయమల్లు ఇంట్లో ఉన్నాను. ఆరో రోజుకు చేను గట్టు మీద ఆగకుండా నడిచాను. నిన్న ఆదివారం తిరిగి వచ్చాను. డాక్టరు గారి ఎదుటే పావుగంట గూడు ఊడ్చాను, అంతకంటే వద్దన్నాడు. అప్పుడు తొమ్మిది గంటలు. మూడింటి దాకా ఏమీ లేదు. నాలుగింటికి వణుకు మొదలయింది. ఆయన నా వీపు మీద గొట్టం పెట్టి విని, "కొత్త చెప్పులు నడిచినట్టు చప్పుడైతున్నది. పొద్దున లేకుండె" అన్నాడు.

నువ్వు చెప్పిందే నిజం. బొగ్గు కాదు. పావురాలు ఇంట్లో నుంచి పోతే ఊపిరితిత్తులు కోలుకుంటాయట, ఆలస్యం చేస్తే మచ్చలు పడి మిగిలిపోతాయట.

కానీ అక్కయ్యా, నేను తీయను. ఆ గాలితోనే అలివేలు గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఆమె చెయ్యి పూర్తిగా వచ్చేదాకా ఆగుతాను. మూతికి గుడ్డ కట్టుకుంటాను. నన్ను బలవంతం చెయ్యకు.

మహేశం


మంథని,
4-1-1974

మహేశం,

పావురాలను పంపింది నేను. తీసెయ్యమని చెబుతున్నదీ నేనే.

పెద్దల మాట అబద్ధమని అనను. నిజమో కాదో నాకు తెలియదు. నీకు ఊపిరి ఆడటం లేదని తెలుసు. అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. నీకు దగ్గొచ్చిన రాత్రి నా గుండె మీద పడుకోబెట్టుకునేదాన్ని, ఊపిరి వినబడుతుందని. ఇప్పుడు ఇంత దూరం నుంచి వినలేను.

అలివేలుకు చెప్పు. ఆమెకు చెయ్యి రాలేదు గాని చెవులు బాగానే ఉన్నాయి. నీ దగ్గు జలుబని ఆమె నమ్మిందని అనుకుంటున్నావా?

అక్కయ్య


గోదావరిఖని,
28-1-1974

అక్కయ్యకు కోటి దండాలు.

నీ ఉత్తరం అలివేలుకు చదివి వినిపించాను. ఆమె కర్ర అందుకుంది. తర్వాత, "నన్ను గూడు కాడికి తీస్కపోండి" అన్నది.

తీసుకుపోయాను. నన్ను బయట వాకిట్లో నిలబడమన్నది. గూటి తలుపుకు గొళ్ళెం ఉంది. కుడిచేత్తో పట్టుకున్నది. జారింది. నేను కదలబోతే, "మీరు ఆడనే ఉండుండ్రి!" అని అరిచింది. ఐదోసారికి గొళ్ళెం వచ్చింది.

"గాలి ఆడనిది మీకు. నా చెయ్యి సంగతి నేను జూసుకుంట. నా కోసమని మీరు పోతె, ఈ చెయ్యి ఎవ్వరికి అన్నం వెట్టాలె?"

డాక్టరు గారితో కూడా ఆమే మాట్లాడింది. "గాలి లేకపోతె నా చెయ్యి మళ్ళ పడిపోతదా సార్?" అని అడిగింది.

"రోజుకు ఎన్ని గుప్పిళ్ళ జొన్నలు ఏస్తుంటివమ్మ?"

"ఇరవయ్యన్న ఏస్తుంటి."

"తొమ్మిది నెలలు రోజుకు ఇరవై సార్లు పిడికిలి మూసి తెరిచినవు. నేను చెప్తె ఇంత చేస్తుంటివా? నీ చెయ్యి లేపింది గాలి గాదు, ఆ గింజలు."

కాబట్టి నీ పావురాలు ఊరికే రాలేదు. ఇప్పుడు ఆ చేత్తోనే బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నాకు అన్నంలో రోజుకో రాయి వస్తోంది. చప్పుడు కాకుండా మింగుతున్నాను.

రాయమల్లు పదకొండు పావురాలనూ కమాన్‌పూర్ తీసుకుపోయి గంప మూత తీశాడు. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఇక్కడ పుట్టిన తొమ్మిదీ మా కప్పు మీద కూర్చున్నాయి. "నేను బస్సుల వస్తిని, ఇవి నాకన్న ముందొచ్చె. కండక్టరుకు నేను జెప్పిన మాట నిజమాయె పంతులూ" అన్నాడు. మళ్ళీ పట్టుకుపోయి తన దొడ్లో నెల రోజులు మూసి ఉంచుతున్నాడు. ముసలి జంట మాత్రం అటూ లేదు, ఇటూ లేదు.

గోనెసంచులు తగలబెట్టించాం. వేరేవాళ్ళ చేత వరండా కడిగించి సున్నం వేయించాం. నిన్న ప్లేడే. జ్వరం రాలేదు! ఎక్స్‌రేలో మంచు విడిపోతోందట. డాక్టరు గారు ఫిట్ అని రాశారు. రేపు గని దిగుతున్నాను.

మహేశం


మంథని,
6-2-1974

చి. మహేశానికీ అలివేలుకూ ఆశీస్సులు.

నీ ఉత్తరం కళ్ళకు అద్దుకున్నాను.

ఒక మాట. ముసలి జంట ఇక్కడికి వచ్చింది. మొన్న పొద్దున అటక మీద కూర్చుని ఉన్నాయి. ఆడదాని కాలికి పసుపు దారం ఉంది. దారి ఎవరు చెప్పారో. సంతోషం పట్టలేక అటక ఎక్కి వాటి మూల ఊడ్చి గింజలు వేశాను. ముప్పై ఏళ్ళుగా రోజూ ఊడ్చే అటకే. ఈసారి నడుమ రెండుసార్లు కూర్చున్నాను. వయసు.

నీకు నయమైతే నూటొక్క ప్రదక్షిణలని మొక్కుకున్నాను. రోజుకు మూడు చొప్పున చెల్లిస్తున్నాను.

అక్కయ్య


గోదావరిఖని,
11-2-1974

అక్కయ్యా,

ఇప్పుడు నీ ఉత్తరాలు పరిచాను.

అటక ఊడుస్తూ కూర్చున్నానని రాసిన చోట నా చూపు ఆగింది. వెతికి అన్నీ తీశాను. ఏప్రిల్‌లో పదకొండు ప్రదక్షిణలు. జూలైలో తొమ్మిది, వాన అన్నావు. తర్వాత ఏడు, పాచి అన్నావు. డిసెంబరులో ఐదు, మనసు నిలవలేదన్నావు. ఇప్పుడు మూడు, వయసు అంటున్నావు. ప్రతిదానికీ ఒక సాకు ఉంది. నీ ఒంట్లో బాగాలేదని మాత్రం ఒక్కదాంట్లో లేదు. నా ఉత్తరాల్లో ఆదివారాలు వెతికి పట్టుకున్నదానివి, నీ ఉత్తరాలు నువ్వు ఎందుకు చదువుకోలేదు?

డాక్టరు గారికి చూపించాను. ఆయన అంకెల మీద వేలు పెట్టి వరసగా చదివాడు. "జ్వరం లేకుంట ముదిరేది గిదేనేమో. ఇద్దరు ఒక్క తల్లి పిల్లలే గద. ఎక్స్‌రే తీస్తె తెలుస్తది. ఇగ ఆ అటక ఎక్కొద్దని చెప్పు, జల్ది రమ్మను" అన్నాడు.

నువ్వు పంపిన గంప అని కుమిలిపోయావు. నేను ఏమీ పంపలేదు అక్కయ్యా, ఈ ఉత్తరం తప్ప. ఇప్పుడు నేను వినవలసినది నీ ఊపిరి.

శివరాత్రి అయ్యాక వస్తానని రాయవద్దు.

మహేశం

వదినెగారికి నమస్కారం. ఇది నేను రాస్తున్న. కుడిచెయ్యే. ఈ నాలుగు ముక్కలకు గంట పట్టింది. మీరు రండి. మీకు నేను వండి పెడత. రాళ్ళు ఏరి పెడత.
అలివేలు


మంథని,
15-2-1974

నాయనా మహేశం, అమ్మా అలివేలు,

అలివేలు అక్షరాలు దేవుడి దగ్గర పెట్టాను. 'రండి' అన్న మాట కొంచెం వంకర పోయింది. నాకు అదే బాగుంది.

అటక ఎక్కడం లేదు. నిచ్చెన తీసి పక్కింటి మల్లక్కకు ఇచ్చాను. పావురాలకు ఆమె తన వాకిట్లో గింజలు వేస్తోంది. జంట చూరు మీద నుంచి నన్ను చూస్తోంది. చూడనీ.

శివరాత్రికి గుడిలో ఉండకపోవడం ఇదే మొదటిసారి. శివుడికి చెప్పుకున్నాను. మిగిలిన ప్రదక్షిణలు ఊపిరి వచ్చాక చెల్లిస్తానని కూడా చెప్పాను.

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. బస్టాండు నుంచి మీ క్వార్టరు దాకా నడిచి వస్తానని రాశాను. పైన కొట్టివేసి ఉంది చూడు, అదే. నడవలేను. రాయమల్లును రిక్షాతో పంపు.

అక్కయ్య